ఇంకా డాక్టరమ్మ

సాక్షాత్తూ యమధర్మరాజే వచ్చి ఎదురుగా కూర్చున్నా, మా అమ్మమ్మ చేతిలో పడితే వచ్చిన పని మర్చిపోయి, మోకాళ్ల నొప్పికి మందు రాయించుకుని, దున్నపోతు గిట్టలో పుండుకి కట్టు కట్టించుకుని మరీ వెళ్లాల్సిందే. ఎందుకంటే ఆయన్ని కూడా ఆవిడ అదే మాట అడుగుతుంది: "ఇంకా?"

వీధి మలుపులో ఉన్న చిన్న ఆరోగ్య కేంద్రంలో అమ్మమ్మ డాక్టరు. ఒక గది, ఒక బల్ల, ఒక నర్సమ్మ. అమ్మమ్మ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. "ఇంకా డాక్టరమ్మ" అంటే మాత్రం పసిపిల్లలు కూడా దారి చూపిస్తారు. పదో తరగతికీ నాకూ పడక విడిపోయాక నన్ను అక్కడ చీటీలు పిలిచే పనిలో పెట్టారు. దాంతో ఆ మాట నా చెవుల్లో గూడు కట్టింది.

"దగ్గండీ," అంటాడు వచ్చినవాడు.

"ఇంకా?"

"ఇంకేం లేదండీ."

"ఇంకా?"

"అంటే... మెట్లెక్కితే కాస్త ఆయాసం."

"ఇంకా?"

"సాయంత్రానికి చెప్పులు బిగుసుకుపోతున్నాయి. అయినా అది చెప్పుల తప్పు లెండి."

"విప్పు, కాళ్లు చూద్దాం."

దగ్గుమందు కోసం వచ్చిన పెద్దమనిషి చెప్పులు చేత్తో పట్టుకుని, కొత్త జబ్బులు నాలుగు వెంటేసుకుని బయటికొచ్చేవాడు. ఆవిడకి రోగాల మీద పేరాశ అని ఊరంతా అనుకునేది.

ఒకసారి ఫ్యాను బాగుచేయడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అతను నిచ్చెన మీద ఉండగానే "ఇంకా?" అంది. పాపం, ఫ్యాను గురించే అనుకుని, "బేరింగ్ కూడా పోయిందండీ," అన్నాడు. "అది సరే, నీ సంగతి?" అంది. కిందికి దింపి, చెవిలో గుబిలి తీసి, మెడ మీద మచ్చ పరీక్షించి, భార్యకి నెల తప్పిందని రాబట్టి, ఆవిణ్ణి మర్నాడే తీసుకురమ్మని పంపింది. ఫ్యాను మాత్రం తిరగలేదు.

పెద్దాసుపత్రిలో గుండె డాక్టరైన మా పిన్నికి ఇది చూస్తే ఒళ్లు మంట. "నేను గుండె దాటి ఒక్క అంగుళం జరగనమ్మా! నువ్వేంటి, అరికాలి నుంచి మాడు దాకా ఊరేగుతావు?" అనేది.

"ఏం చెయ్యనే? మనిషి మొత్తం ఒకేసారి వస్తున్నాడు. ముక్కలుగా వస్తే ముక్కలుగానే చూద్దును," అనేది అమ్మమ్మ.

అలా ఉండగా పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి ఒకాయన దిగాడు. చిన్న కేంద్రాల్లో ఇకమీదట జ్వరం, జలుబు, దగ్గు మాత్రమే చూడాలట. మిగతా అవయవాలు పెద్దాసుపత్రిలో ఏ విభాగానికి ఆ విభాగానికి వెళ్లాలట. అలాగైతే ఖర్చు కలిసొస్తుందట. ఆయన సరేనని రాస్తే మా కేంద్రంలో వచ్చే నెల నుంచే అమలు. పుండుకి కట్టు మార్పించుకోవాలన్నా, మంచం పట్టిన ముసలివాళ్లు రెండు బస్సులు మారాలి. ఇక అమ్మమ్మ సంగతంటారా, వంటమనిషిని పిలిచి ఇకనుంచి నీళ్లు మాత్రమే కాచమన్నట్టే.

ఆయన గొంతు సవరించుకుని ఉత్తర్వు చదవడం మొదలుపెట్టాడు. "కుట్లు వేయకూడదు."

"ఇంకా?"

"చెవులు చూడకూడదు."

"ఇంకా?"

"పుళ్లకి కట్లు కట్టకూడదు."

"ఇంకా?"

ఆయన కాగితం తిరగేసి చూశాడు. వెనకంతా ఖాళీ. లేచి దాన్ని సంచిలో పెట్టబోతే వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. వంగి తీస్తే మళ్లీ జారింది. తలుపు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యి వేసి, అటు తిరిగే అన్నాడు:

"వేళ్లు మొద్దుబారుతున్నాయండీ. మెడలో నరం నలుగుతోందట, వచ్చే వారం ఆపరేషన్."

"ఇంకా?"

"ఏళ్లుగా సుగరు, దానికో డాక్టరు. కడుపులో మంట, దానికింకో డాక్టరు. కాళ్లు తిమ్మిరి, దానికి నరాలాయన."

"ఇంకా?"

గడియ తీశాడు, మళ్లీ వేశాడు. "భయమేస్తోందండీ," అన్నాడు చివరికి.

మనుషులు ముందు చిన్న జబ్బు చూపించి, అసలు భయాన్ని గడప దాకా మోసుకెళతారని నాకు అప్పుడు తెలిసింది. అమ్మమ్మ ఆ గడప దాకా అందరికీ తోడు నడుస్తోందన్నమాట, ఇన్నేళ్లుగా.

ఆయన్ని కూర్చోబెట్టింది. నాలుక చూసింది, అరికాళ్లు గీకింది, మింగే మాత్రలన్నీ బల్ల మీద పోయించింది.

"సుగరు మాత్ర, కడుపు మంట మాత్ర ఏళ్ల తరబడి కలిసి వాడితే, కొందరికి ఒంట్లో బి పన్నెండు విటమిన్ అడుగంటుతుంది బాబూ. అది తగ్గితే నరాలు దెబ్బతిని వేళ్లూ కాళ్లూ మొద్దుబారతాయి. డాక్టర్లంతా ఎవరి ముక్క వాళ్లు సరిగ్గానే చూశారు. అన్నీ ఒకే నోట్లోకి వెళ్తున్నాయని చూసినవాడు లేడు. ముందు రక్తం పరీక్ష, తర్వాతే కత్తి."

మెడ డాక్టరుకి తనే ఫోన్ చేసింది. ఆయన మంచివాడు, ఆగాడు. పరీక్షలో ఆవిడన్నట్టే తేలింది, ఆపరేషన్ తప్పింది.

ఆ తర్వాత అధికారి ఆ విటమిన్ సూదిమందు కోసం మా దగ్గరికే రావడం మొదలుపెట్టాడు. మొదటిరోజు, "మరి నా రిపోర్టు..." అని నసిగాడు.

"నీకు తోచింది రాసుకో. దానికీ దీనికీ ముడిపెట్టకు. పడుకో, పక్కకి తిరుగు," అంది అమ్మమ్మ.

కొన్నాళ్లకి వేళ్లలోకి పట్టు వచ్చింది. ఆ చేత్తోనే రిపోర్టు రాశాడు: "జ్వరం, జలుబు, దగ్గు మాత్రమే చూసే సామర్థ్యం ఈ డాక్టరుకు బొత్తిగా లేదు. అన్నీ చూడనివ్వడం తప్ప మార్గం లేదు." పై ఆఫీసు మా కేంద్రం జోలికి మళ్లీ రాలేదు.

ఆయన రిపోర్టు పంపిన సాయంత్రం గది ఊడుస్తూ అడిగాను. "నిజం చెప్పు అమ్మమ్మా, నీ చేతులు కట్టేయడానికి వచ్చిన మనిషి కదా. పిసరంతైనా కోపం రాలేదా?"

"ఎందుకు రాదే?" అంది. "అందుకే సూది నర్సమ్మకి ఇవ్వకుండా, ప్రతిసారీ నేనే పొడిచాను."