ఓబులమ్మ ఊడ్చిన రోడ్డు

గార్లదిన్నెకు అవతలున్న ఆ ఊళ్లో ఓబులమ్మలు నలుగురు. సైకిల్ ఓబులమ్మ మాత్రం ఒక్కతే. ఇరవై రెండేళ్ల కిందట మొగుడు హనుమంతరాయుడు బావి పనిలో కాలు విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. పాలు కేంద్రానికి చేర్చే దిక్కు లేక ఆయన సైకిలు ఈమె అందుకుంది. నేర్పినవాళ్లు లేరు. ఎండిన వంకలో ఇసుక మీద పడుతూ లేస్తూ తనంతట తానే నేర్చుకుంది. చీర గోచీ పోసి, ముందు కమ్మీ మీదుగా కాలు వేసి మగ సైకిలు ఎక్కే ఆడమనిషిని చూడటానికి మొదట్లో జనం పనులు మానుకుని నిలబడేవాళ్లు. టీకొట్టు సోమప్పయితే పగలబడి నవ్వేవాడు. కొన్నాళ్లకు వాడి కొట్టుకు పాలు పోసేదీ ఆమే అయింది, దాంతో వాడి నోరు మూతపడింది. రాయుడి కాలు బాగయినా సైకిలు మాత్రం ఆయనకు తిరిగి దక్కలేదు.

ఆ పేరంటే ఆమెకు వల్లమాలిన గర్వం. బంగారం లేదు, వాన లేదు, బోరులో నీళ్లు లేవు. ఊరి మొత్తంలో తనకొక్కదానికే ఉన్నది ఆ పేరే. పదో తరగతి చదివే కూతురు చంద్రిక బళ్లో "మా అమ్మే సైకిల్ ఓబులమ్మ" అని చెప్పుకుంటుందని తెలిసిన రోజు ఆమెకు సంగటి రెండు ముద్దలు ఎక్కువ దిగింది.

అలాంటి ఊరి మీదుగా ఆడవాళ్ల సైకిల్ పందెం పోతుందని జనవరిలో కబురొచ్చింది. ఏయే దేశాల నుంచో అరవైమంది వస్తారట. సైకిలు తొక్కడమే వాళ్ల ఉద్యోగమట, దానికి జీతాలు కూడానట. మూడు రోజుల్లో ఊరు ఊరంతా ఓబులమ్మను మర్చిపోయింది.

"ఒక్కో సైకిలు ట్రాక్టరంత ఖరీదంట ఓబులమ్మా," అన్నాడు సోమప్ప. ఇన్నేళ్లు మింగుకున్న నవ్వంతా బయటికొచ్చింది. "నీదాన్ని తూకానికేసినా మూడు టీలు రావు."

ఆ మాటంటే పడింది. పడలేనిది ఇంట్లో జరిగింది. చంద్రిక పేపర్లోంచి ఒక పిల్ల బొమ్మ కత్తిరించి, సరిగ్గా సైకిలు ఆనించే గోడకే అంటించింది. పసుపుపచ్చ జుట్టు పిల్ల, సన్న సైకిలు. చూడగానే ఓబులమ్మకు ఒళ్లు భగ్గున మండింది.

"మా, వీళ్లు గంటకు నలభై కిలోమీటర్లు తొక్కుతారంట."

"రెండు పాల క్యాన్లు కట్టుకుని తొక్కమను, చూస్తా."

"వాళ్ల కోసరం రోడ్డంతా ఖాళీ చేస్తారంట మా. కుక్క కూడా అడ్డం రాకూడదంట!"

ఆ మాట లోపల ఎక్కడో దిగబడింది. ఇరవై రెండేళ్లలో ఓబులమ్మకు దారి ఇచ్చినవాడు ఒక్కడు లేడు. లారీ హారను కొడితే ఆమే మట్టిలోకి దిగాలి. గొర్రెలొస్తే ఆమే ఆగాలి, పెళ్లి ఊరేగింపొస్తే ఆమే చుట్టు తిరిగిపోవాలి. తారురోడ్డు నడిమధ్యన తొక్కడం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. మరి నిన్నగాక మొన్న పుట్టిన ఈ పిల్లలకు పోలీసులు దగ్గరుండి రోడ్డు ఖాళీ చేయిస్తారా? ఏం తొక్కారని? ఎవరి ఆకలి కోసం తొక్కారని?

ఆ రోజుల్లోనే ఉలవ పైరు ఇంటికొచ్చింది. ఆ పక్క కల్లాలు చేసుకోవడం ఎప్పుడో మానేశారు. పీకిన చెట్లు తెచ్చి రోడ్డు మీద పరిస్తే, వచ్చే పోయే బండ్ల చక్రాలే తొక్కి గింజ రాలుస్తాయి. సాయంత్రం గింజ రాలిన కట్టె ఎత్తి పక్కన వేసి, గింజ ఊడ్చుకుని చెరుక్కుంటే సరి. ఓబులమ్మ చోటు ఊరి బయట ఏటవాలు మలుపు.

పందెం ముందురోజు పోలీసు జీపు మైకులో చెప్పుకుంటూ పోయింది, రోడ్డు మీద పరిచిన పైర్లన్నీ ఎత్తేయాలని. అందరూ ఎత్తేశారు. ఓబులమ్మ కూడా కట్టె ఎత్తింది. పొరక పట్టుకుని గింజ ఊడ్వబోయి, ఆగింది. వాళ్ల దారి నేను ఊడ్వాలా అనుకుంది. గుండ్రటి ఉలవ గింజ మీద సైకిలు చక్రం ఎలా జారుతుందో ఆమెకు చెప్పక్కర్లేదు. ఒకసారి అలాగే పడి పాలన్నీ నేలపాలు చేసింది, మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. అయినా పొరక చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేసింది. రెండు శేర్ల ఉలవలు. కరువు సీమలో పుట్టిన మనిషి రెండు శేర్ల గింజ రోడ్డుపాలు చేసిందంటే, ఎంత కుళ్లుకుందో మీరే లెక్కేసుకోండి.

మర్నాడు పొద్దున తొమ్మిదికి ఊరంతా రోడ్డు పక్కనే ఉంది. ఊరి బాట రోడ్డెక్కే చోట అడ్డంగా తాడు కట్టి కానిస్టేబుల్ గంగాధర్ విజిల్ ఊదుతున్నాడు. ఓబులమ్మ చూడకూడదని ఒట్టు పెట్టుకుని, పాల క్యాన్ల సైకిలు పట్టుకుని అందరికంటే ముందే వచ్చి నిలబడింది. చంద్రిక కాగితం జెండా ఊపుకుంటూ మలుపు దాకా పరిగెత్తింది. అక్కడ కాలు సర్రున జారి కూలబడబోయి, చేతులు ఆన్చి నిలదొక్కుకుంది.

"మా! ఈడంతా ఉలవలు ఉండాయి!"

ఓబులమ్మ సైకిలు స్టాండు వేసి దగ్గరికి పోయింది. చంద్రిక పిడికెడు గింజలు ఏరి చూపించింది. చూపిస్తూ చూపిస్తూనే దాని మొహం మారిపోయింది.

"పగుల్లో పడిన గింజను గూడా గోటితో తీసేదానివి. నువ్వు మర్చిపోవు. కావాలనే ఇడిసిపెట్టినావా మా?"

అబద్ధం నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. "కడుపుమంటతో ఇడిసినా," అంది ఓబులమ్మ.

చంద్రిక తిట్టలేదు, ఏడవలేదు. ఎవరో పరాయి ఆడమనిషిని చూసినట్టు చూసింది. సోమప్ప నవ్వు, లారీల హారన్లు ఏవీ ఆ చూపు ముందు లెక్కలోకి రావు. ఓబులమ్మ పరిగెత్తి మలుపుకు దగ్గర్లోని ఇంటి వాకిట్లో పొరక లాక్కొచ్చింది. వంగి, దుమ్ము లేచేలా ఊడ్చింది. అవతలి నుంచి సైరను వినపడింది.

"జరుగమ్మా! వస్తాండారు!" గంగాధర్ అరిచాడు.

"ఇంగ మూరెడు ఉండాది, ఉండప్పా!"

చివరి మూర కొంగుతో తుడిచి పక్కకు దూకింది. చేటలో గింజలు జారిన చప్పుడుతో, సర్రున, అరవైమందీ మలుపు తిరిగి పోయారు. ఒక్కతీ పడలేదు. ఒక్కతీ ఆమె వంక చూడలేదు. వెనకబడిన ఒక పిల్ల మొహం మాత్రం ఆమెకు బాగా కనిపించింది. పెదాలు పగిలి, పళ్లు బిగబట్టి, జెండాల వైపు కాకుండా రెండు బారల ముందున్న రోడ్డు వైపే చూస్తోంది. ఎత్తు గడ్డ ఎక్కేటప్పుడు ఓబులమ్మ కూడా అక్కడే చూస్తుంది.

కడుపుమంట ఆరిందంటే అబద్ధమవుతుంది. మంట మంటలాగే ఉంది. వెనక జీపులు కూడా పోయాయి. రోడ్డు ఖాళీగా, నున్నగా మెరుస్తోంది. ఓబులమ్మ సైకిలు తీసింది.

"ఇంగా తెరవలేదమ్మా," గంగాధర్ అడ్డం వచ్చాడు. "పైనుంచి చెప్పల్ల. ఆగు."

"ఊడ్చింది నేనప్పా. నేను పోతా."

గంగాధర్ ఏదో అనబోయేలోపు చంద్రిక వచ్చి, తల్లి మొహం చూడకుండానే, అడ్డంగా కట్టిన తాడు రెండు చేతులా పైకెత్తింది.

ఓబులమ్మ తల వంచి దాని కిందుగా దాటింది. ముందు కమ్మీ మీదుగా కాలు వేసి ఎక్కి, అలవాటుగా మట్టిలోకి తిప్పబోయిన హ్యాండిల్‌ను సర్దుకుని రోడ్డు నడిమధ్యకు తెచ్చింది. రెండు పక్కలా జనం అలాగే నిలబడి ఉన్నారు. మలుపులో బ్రేకు పట్టలేదు. ముందు లారీ లేదు, గొర్రె లేదు, తప్పుకోమనడానికి మనిషి లేడు. అయినా బెల్లు కొట్టింది. కనుచూపు దాటేదాకా కొడుతూనే పోయింది.