అత్త కారుకు గాలి గొట్టం

మా మేనత్త పోయిన సంగతి నాకు మా నాయనే ఫోన్ చేసి చెప్పినాడు. "అత్త పోయింది. తెల్లారుజామున. వస్తావా?" అంతే. నేను మొగుణ్ణి వదిలేసి వచ్చి కుప్పంలో లెక్చరరుగా చేరినప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడింది లేదు. అన్నేండ్ల తర్వాత నా చెవిన పడిన ఆయన మాటలు ఇవి. నా నంబరు ఆయనకు ఎవరిచ్చినారో నేను అడగలేదు. వస్తాను అన్నాను. ఫోన్ పెట్టేసినాడు.

పలమనేరులో బస్సు మారినాక పక్క సీటామె ఎవరు పోయినారని అడిగింది. అత్త అన్నాను. వయసెంతని అడిగి, అరవై దాటిందని చెప్తే, ఎవరికీ బరువు కాకుండా పోయిందిలేమ్మా అనింది. మంచి మాటే. కానీ మా అత్త గురించి చెప్పాల్సింది అది కాదనిపించింది. ఏది చెప్పాలో మాత్రం తోచలేదు. ఆ రోడ్డు మీదే ఆమె ఆరేండ్లు ప్రతి ఆదివారం ఎర్ర కారులో నా దగ్గరికి వచ్చింది. అది రాస్తే చాలేమో. చాలదేమో కూడా.

పుంగనూరులో ఆడపిల్లల హైస్కూల్లో చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్ళకు ఆమె విజిలు గుర్తుండాలి. డ్రిల్లు టీచరు. తెల్ల చీర కొంగు నడుముకు బిగించి, గ్రౌండులో పిల్లలతో సమానంగా పరిగెత్తేది. ఆయాసపడి నిలబడిపోయిన పిల్ల దగ్గరికి వచ్చి, "ముందు ఉండే గాలి వదులు. వదిలితే కదా కొత్తది పట్టేది," అనేది. వేరే పాఠం ఆమెకు రాదని తోటి టీచర్లు నవ్వేవాళ్ళు. ఆమె కూడా ఒప్పుకునేది. చిన్న వయసులోనే మామ పోతే, మదనపల్లెలో మా నాయన ఇంటి వెనక రెండు గదుల్లో ఉంటూ, రోజూ బస్సులో పుంగనూరు పోయి వచ్చి, అట్లానే రిటైరయింది.

రిటైరైన ఏడాదే బెంగళూరు పోయి ఆ కారు తెచ్చింది. ఎవరో వాడి అమ్మేసింది. రెండే తలుపులు, రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. నేలకు అంటుకున్నట్టు ఉంటుంది. స్పోర్ట్స్ కారు అనే మాట మా వీధిలో అంతకుముందు ఎవరూ అని ఉండరు. ఆ రోజు జరిగింది అత్తే నాకు చెప్పింది. పెద్ద కారు కొనుంటే పెండ్లికీ పేరంటానికీ అందరం పోయేవాళ్ళం కదా అని నాయన విసుక్కున్నాడంట.

"అందుకే కొనలేదు అన్నా," అనిందంట అత్త. "రెండు సీట్లుండాయి. ఒకటి నాది. ఇంకోటి ఎవురిదో నేను సూసుకుంటా."

ఆ ఇంకో సీటు నాది. మా ఇంట్లో నా పేరు ఎత్తకూడదు. బస్సులో కుప్పం వస్తే కండక్టరు నుంచి చుట్టాల దాకా అందరికీ తెలిసిపోతుంది. అందుకని ఆదివారం పొద్దున్నే తలకు తువ్వాలు కట్టుకుని, ఇంజిన్ తిప్పకుంటే బ్యాటరీ పడుకుంటాది, రవ్వంత దూరం తోలుకోని వస్తానని నాయనకు చెప్పి బయల్దేరేది. ఆ రవ్వంత దూరం పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి కుప్పం. సీటు కింద సంగటి, నంచుకోను ఊరిబిండి పచ్చడి. డాష్‌బోర్డు మీద పాత విజిలు. నా గది ముందు ఆగి హారన్ కొట్టేది కాదు, విజిలు ఊదేది. మా వీధి పిల్లలంతా వరసలో నిలబడేవాళ్ళు.

ఆమె వచ్చేది నా కోసమా, ఆ రోడ్డు కోసమా అని నాకు మొదటి నుంచీ అనుమానమే. కారు దిగినప్పుడు ఆమె ముఖం వెలుగుతా ఉండేది. అది నన్ను చూసినందుకా? నేను తలుపు తీయకముందే ఆ వెలుగు ఉండేది. ఒకసారి అడిగేసినాను కూడా. "యాల అడుగుతాండావు? సంగటి చల్లారిపోతాది, తిను," అనింది.

మూడేండ్లకు కారు దగ్గడం మొదలుపెట్టింది. పలమనేరు దాటినాక ఎత్తు వస్తే ఊపు అందుకునేది కాదు. మదనపల్లెలో ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్కు ఒకాయన బానెట్ ఎత్తి చూసి, ఇంజిన్‌కు గాలి పోయే దారిలో వేలు పెట్టి బయటికి తీసినాడంట. వేలంతా ఎర్రమన్ను. కారును ముందు వాడినవాళ్ళు కంపెనీవాళ్ళు పెట్టిన ఫిల్టరు డబ్బా పీకేసి, ఏదో ఇనుప జాలీ తగిలించి ఉన్నారు. "చెనిక్కాయ చేను మొత్తం లోపలే ఉండాదమ్మా. ఇంకో ఏడు ఇట్నే తోలితే ఇంజిన్ మీద ఆశ వదులుకోవాల్సిందే," అన్నాడాయన. ఆ కారు చేయడం కంపెనీ అప్పటికే మానేసింది. ఇంజిన్ పోతే ఇంకో ఇంజిన్ దొరకదు. ఇంజిన్ పోతే ఆదివారాలు పోయినట్టే.

బెంగళూరులో విడిగా అమ్మే ఫిల్టర్లు దొరుకుతాయని తెలిసి, నన్ను కుప్పంలో రైలెక్కి రమ్మనింది. జె.సి. రోడ్డులో ఒక ఇరుకు అంగడి. అంగడాయనకు తెలుగు వచ్చు. అసలు డబ్బా అయితే అన్నిటికన్నా మేలు గానీ అది ఇప్పుడు యాడా దొరకదని ముందే చెప్పేసినాడు. మిగిలినవి రెండు. ఒకటి పొట్టిది. గోపురంలాంటి నూలు ఫిల్టరు, బానెట్ కిందే ఇంజిన్ పక్కన కూర్చుంటుంది. రెండోది పొడుగు గొట్టం. అదే ఫిల్టరు, కానీ గొట్టం వంపు తిరిగి కిందికి దిగి, ముందు బంపరు వెనక, దాదాపు రోడ్డుకు దగ్గరగా నోరు తెరుచుకుని ఉంటుంది. పొట్టిది వేడి గాలి తాగుతుంది. పొడుగుది చల్లగాలి తాగుతుంది, బలం ఎక్కువ.

అత్త కారు దగ్గరికి పోయి బానెట్ ఎత్తింది. మధ్యాహ్నం ఎండ. ఇంజిన్ పక్కన చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. తర్వాత వంగి బంపరు వెనక చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. మళ్ళీ పైన, మళ్ళీ కింద. దారిన పోయేవాళ్ళు నిలబడి చూస్తున్నారు. నేను పొట్టిది తీసుకుందామన్నాను. కారణమేమీ లేదు. రోడ్డుకు అంత దగ్గరగా దేని నోరైనా ఉండటం నాకు బాగనిపించలేదు.

"నువ్వు ఈడ చెయ్యి పెట్టి సూడు పాపా," అనింది. "ఈ వేడి గాలి నేనే పీల్చలేను. అదెట్ల పీలుస్తాది?"

పొడుగుదే తీసుకున్నాం. అది బిగిస్తూ అంగడాయన ఒక మాట చెప్పినాడు. నీళ్ళలోకి మాత్రం దించొద్దు. ఎక్కువ అక్కర్లేదు, గొట్టం నోటికి అందితే చాలు, నీళ్ళు తాగేస్తుంది, తాగితే ఇంజిన్ ముక్కలే. అత్త పెద్దగా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

"నీళ్ళ భయం మాకు చెప్తాండావా అప్పా? మా పక్క బోరేస్తే దుమ్మొస్తాది. చెరువులో క్రికెట్ ఆడతాండారు."

అది నిజం. అప్పటికి మా చెరువుల్లో నీళ్ళు చూసి ఎన్నో ఏండ్లయింది. మా ఊర్లవాళ్ళం ఏది కొన్నా దుమ్ముకు భయపడి కొంటాం, ఎండకు భయపడి కొంటాం. నీళ్ళకు భయపడి కొనడమనేది మాకు అలవాటే లేదు. ఇంకెక్కడివాళ్ళయినా ఆ మాట విని ఆగి ఉండేవాళ్ళు.

ఆ గొట్టంతో కారుకు కొత్త గొంతు వచ్చింది. కుప్పంలో మా వీధి మలుపులో గేరు మార్చినప్పుడు, ఎవరో పెద్ద గుక్క తాగినట్టు ఒక చప్పుడు. అది వినగానే నేను పొయ్యి మీద టీ పెట్టేదాన్ని. ఫిల్టరును ఆమె ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. తనే విప్పి, సబ్బు నీళ్ళలో ముంచి కడిగి, నీడలో ఆరబెట్టి, అంగడాయన ఇచ్చిన ఎర్ర నూనె మడత మడతకూ చుక్క చుక్కగా వేసేది. ఆ నూనె తడిగా ఉంటేనే దుమ్మును పట్టుకుంటుంది. కొన్నాళ్ళకు ఎండి మట్టిరంగుకు వస్తుంది. అప్పుడు మళ్ళీ కడగాలి. తలకు నూనె పెట్టుకోవడం మర్చిపోయేది గానీ అది మర్చిపోయేది కాదు.

తర్వాత వానలొచ్చిన ఏడు వచ్చింది. పుంగనూరు దగ్గర మా సొంతూరి చెరువు నిండి మరవ పారింది. అంటే కట్ట పక్కన కట్టిన అలుగు మీంచి నీళ్ళు పొర్లి బయటికి పోవడం. అట్లా పారితే ఊరంతా పోయి గంగమ్మకు పసుపు కుంకుమ, చీర నీళ్ళలో వదిలి వస్తారు. నా చిన్నతనంలో ఒకసారి చూసినాను. అత్త ఫోన్ చేసి, రేపు వస్తా, తయారుగా ఉండు, ఊరికి పోదామనింది. నాయన ఉంటాడు కదా అన్నాను.

"ఉంటాడనే పిలుస్తాండా. చెరువు నిండిన దినం మీ నాయన ఎవురి మీదా కోపం పెట్టుకోడు. చిన్నప్పటి నుంచి సూస్తాండా గదా."

పోయినాం. దారంతా ఆమె మాట్లాడుతూనే ఉంది. ఊరి ముందు మరవ నీళ్ళు రోడ్డు మీదుగా పోతున్నాయి. అవతల గట్టున జనం, పళ్ళేలు, పూలు. ట్రాక్టర్లు, సైకిళ్ళు అటూ ఇటూ దాటుతున్నాయి. అత్త కారు ఆపి దిగింది. ఆ నీళ్ళను ఆమె భయంగా చూడలేదు. మా పక్క నీళ్ళను అట్లా ఎవరు చూస్తారు? దోసిట్లో తీసుకుని తల మీద చల్లుకుంది. నా తల మీద కూడా చల్లింది. ఎక్కి కారు ముందుకు పోనిచ్చింది.

సగం దూరం బాగానే పోయింది. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. దాని చక్రాలు తోసిన అల మా బంపరుకు తగిలింది. ఆ గుక్క తాగే చప్పుడు ఒకసారి వినిపించింది. తర్వాత లోపల టక్కుమని ఒక దెబ్బ. అంతే, ఇంజిన్ ఆగిపోయింది. అత్త తాళం తిప్పింది. ఏమీ పలకలేదు.

గట్టు మీది మగవాళ్ళు దిగి వచ్చి తోసినారు. వాళ్ళలో నాయన ఉన్నాడు. పంచె ఎగగట్టి, నేను కూర్చున్న వైపు తలుపు మీద చెయ్యి పెట్టి తోసినాడు. ఆ చెయ్యి నా భుజానికి జానెడు దూరంలో ఉంది. వేళ్ళకు పసుపు. నేను ఆ వేళ్ళనే చూసినాను. ఆయన ముందుకే చూస్తూ తోసినాడు.

గట్టెక్కినాక అత్తను, "ఎవురు పొమ్మన్నారు నిన్ను నీళ్ళలోకి?" అని అడిగినాడు.

"నా పక్కన ఎవురుండారో సూసి, దాన్ని అడుగు," అనింది అత్త.

ఆయన అడగలేదు. చేతులు తుడుచుకుని జనంలోకి పోయినాడు. అత్త తెచ్చిన చీరను నీళ్ళలో వదిలింది. అది చుట్టుకుంటూ చాలా దూరం పోయింది. నన్ను బస్సెక్కిస్తూ, ఆ అంగడాయప్ప చెప్పనే చెప్పినాడు, మనమే నగితిమి అనింది. తప్పెవరిదని ఆమె అడగలేదు. నేనూ అనలేదు. నీళ్ళు రావాలని మొక్కుకున్నవాళ్ళమే కదా అందరం.

ఇంజిన్ లోపలి రాడ్డు వంగి, బ్లాకు పగిలిపోయిందని మెకానిక్కు చెప్పినాడు. ఇంజిన్ విప్పి పాత ఇనుము కింద ఇచ్చేసినారు. మిగిలిన కారును ఇంటి వెనక రేకుల షెడ్డులో తోసి టార్పాలిన్ కప్పినారు. అత్త రెండుసార్లు బస్సులో వచ్చింది. ఆ రెండుసార్లూ ఆమె ముఖంలో ఆ వెలుగు లేదు. బస్సు ఎగరేసి ఎగరేసి తెచ్చిందని మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. తర్వాత రాలేదు. ఆదివారాలు ఫోన్ చేసేది, అదీ కొన్నాళ్ళే. అయితే రోడ్డు కోసమే వచ్చేదన్నమాట అని నాకు నేను చెప్పుకున్నాను. అట్లా చెప్పుకుంటే ఎదురుచూడటం తగ్గుతుందని. తగ్గలేదు.

నేను మదనపల్లె చేరేసరికి అంతా బయట కూర్చుని ఉన్నారు. నాయన నన్ను చూసి పక్కకు జరిగినాడు, దారి ఇచ్చినట్టు. ఆ రోజు గానీ మరుసటి రోజు గానీ ఇంకేమీ మాట్లాడలేదు. మూడోనాడు నేను బయల్దేరుతుంటే షెడ్డు వైపు చూసి, "దాన్ని తూకానికి ఇచ్చేస్తాండా," అన్నాడు. నాతోనే అన్నాడా, ఊరికే అనుకున్నాడా తెలీలేదు. సరే అన్నాను.

అత్త గదిలో నా బ్యాగు తీసుకోవడానికి పోయినాను. కిటికీలో, విజిలు పక్కన, పాలిథిన్ కవరులో ఏదో కనిపించింది. విప్పి చూసినాను. ఆ ఫిల్టరు. ఇంజిన్ లేక నాలుగేండ్లు. కారు మీది టార్పాలిన్ కూడా చినిగిపోయి ఉంది. చేతిలో ఉన్నది మాత్రం కడిగి ఆరబెట్టింది. ఏ మడతలోనూ ఒక్క రేణువు మన్ను లేదు. పక్కనే నూనె సీసా, అడుగున కాస్త మిగిలి ఉంది.

బయట బస్సుకు టైమయిందని ఎవరో పిలుస్తున్నారు. దాన్ని మళ్ళీ కవరులో పెట్టబోతే వేళ్ళు జారినాయి. చూసుకుంటే చేతికి నూనె. ఎర్రగా, ఇంకా తడిగా ఉంది.