కుడివైపు తప్పు

రంగూన్ రేవుపక్క బోటాటౌంగ్ పేటలో తన కొట్టు తెలియనివాళ్లు లేరని కన్నారావు నమ్మకం. నిజానికి ఆ కొట్టుకి బోర్డు లేదు. రేవు గోదాముల వెనక, మూడంతస్తుల మేడ మెట్లకింద, మనిషి వంగితే తప్ప దూరలేని గూడు అది. కుట్టుమిషన్లు, తాళాలు, గొడుగులు, లైసెన్సున్న వేటతుపాకులు, అన్నీ ఆ గూట్లోనే బాగుపడేవి. తాత సేక్కాన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. తండ్రి క్రేన్లకి నూనె పోశాడు. ఈయన చేతికి ఆకురాయి వచ్చింది. పైదేశాల నుంచి ఒక్క మర కూడా దిగని కాలం కాబట్టి, గొడుగు ఊచతో తుపాకీకి స్ప్రింగు చేశాడని చెప్పుకునేవారు. చెప్పుకునేవారంటే, ముఖ్యంగా ఆయనే చెప్పుకునేవాడు.

ఇంత పనిమంతుడికి బర్మా భాష దగ్గరే కొంచెం నట్టు వదులు. పుట్టి పెరిగింది రంగూన్‌లోనే అయినా, ఆయన బర్మా రేవు బర్మా. బర్మావాళ్లు ‘వస్తాడు, తింటాడు’ లాంటి మాటల చివర ‘డె’ అంటారు. మనవాళ్లకి ఆ ‘డె’ ఒక్కటి దొరికింది చాలనుకుని, నూనెకీ డె, మేకుకీ డె తగిలించేశారు. ‘న్యా’ అంటే కుడి. కుడివైపుకి పోతోందని చెప్పాలంటే కన్నారావు ‘న్యాడె’ అనేవాడు. బర్మావాళ్లు ముసిముసిగా నవ్వేవారు. తన మాట ముచ్చటగా ఉందేమో అనుకునేవాడు ఆయన.

ఎనభై ఎనిమిది మార్చిలో ఊ టున్ సేన్ అనే పెద్దాయన తన రైఫిలుకి నూనె పెట్టించమని కొట్టులో ఇచ్చి వెళ్లాడు. కలప వ్యాపారం మానుకుని, పెగూ కొండల అంచున చిలగడదుంపల తోట వేసుకున్న మనిషి. అడవిపందులు రాత్రికి రాత్రి తోట దున్నేస్తుంటే ఆ రైఫిలే దిక్కు. దానిమీద గురిచూసుకునే దుర్భిణి ఉంది. ఎప్పుడో దాన్ని బిగించింది కూడా కన్నారావే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్లో సర్కారుమీద కాలేజీ కుర్రాళ్ల ఊరేగింపులు మొదలయ్యాయి. తరవాత కాల్పులు. కొట్లన్నీ తలుపులు దించేశాయి. గొడవ కాస్త సద్దుమణిగి, తింజాన్ నీళ్లపండగ దాటాక పెద్దాయన వచ్చి రైఫిలు పట్టుకెళ్లాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు.

“సయా, పందిని గురిచూస్తే చెట్టుకి తగిలింది,” అన్నాడు. పని తెలిసినవాణ్ణి వాళ్లు సయా అంటారు. “చెట్టుని గురిచూస్తే ఏ చెట్టుకి తగిలిందో వెతుక్కోవలసి వచ్చింది. కొట్టులో దీనికేమైనా జరిగిందా?”

కన్నారావు నోరు తెరిచేలోగా బావమరిది దండాసి అందుకున్నాడు. దండాసి మంగాయమ్మకి తమ్ముడు, కొట్టులో రెండో చెయ్యి, ముప్పై దాటినవాడు.

“ఏటీ జరగలేదు బావా! గుడ్డెట్టి తుడిసి గోడకి ఆనించినానంతే. నా పానం మీద ఒట్టు!” అని, అదే ముక్క పెద్దాయనకి బర్మాలో కూడా చెప్పాడు.

పెద్దాయన దండాసిని ఓసారి చూసి, గడ్డం అటువైపు కదిపి, కన్నారావుతో మెల్లిగా అన్నాడు. “న్యాడె.”

కన్నారావు ప్రాణం లేచొచ్చింది. కుడికి కొడుతోంది, అంతే కదా! దుర్భిణి పక్కన గురి సరిచేసే బుడిపెని టిక్కుటిక్కుమని ఎడమకి తిప్పి, ఇక చూసుకోండి అన్నాడు. పెద్దాయన ఏదో అనబోయి, రైఫిలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

గురి ఇంకా తప్పుతోందని తోటనుంచి మళ్లీ కబురొచ్చింది. ఈసారి కన్నారావే లైనుకారనే బస్సెక్కి తోటకి వెళ్లాడు. చెట్టుకి అట్టముక్క కట్టి, ఇసక సంచిమీద రైఫిలు ఆనించి కాల్చాడు. ఒకటి ఎడమకి పోయింది. ఒకటి పైకి పోయింది. మూడోది అట్టకే తగల్లేదు. అన్నీ ఒకేచోట తప్పుతుంటే బుడిపె తిప్పి సరిచేయొచ్చు. ఇవి అరటిపండు మీద ఈగల్లా ఇష్టమొచ్చినచోట వాలుతున్నాయి. తూటాలన్నీ ఒకే పెట్టెలోవి తీశాడు. గొట్టం చల్లారేదాకా ఆగాడు. కిందటి వానలకి తుపాకీ కర్ర ఉబ్బి గొట్టాన్ని తోస్తోందేమోనని, రెండింటి మధ్య సన్నని కాగితం జొనిపి లాగాడు. కాగితం హాయిగా జారింది. లోపల తోమాడు. గొట్టం మూతి చుట్టూ దూది తిప్పి, ఎక్కడైనా పట్టుకుంటుందేమో చూశాడు. దుర్భిణి మరలన్నీ బిగించాడు. ఏ లోపమూ లేదు. అప్పుడు పట్టుకుంది భయం.

ఎందుకంటే టీకొట్లో మాట అప్పటికే నడుస్తోంది. పెద్దవాళ్ల పేరుముందు ‘ఊ’ చేర్చే బర్మావాళ్లకి కన్నారావు ఊ కన్నా. ఊ కన్నాకి చేతులు వణుకుతున్నాయట, తుపాకీ చెడగొట్టాడట! ఆ చేతులే ఆయన బోర్డు. అవి పోతే ఆ గూడు వట్టి మెట్లకింద చీకటి. ఒక పొద్దున్న ఆయన రెండు చేతులూ చాచి భార్య ముందు నిలబడ్డాడు.

“ఇటు సూడే. వనుకుతున్నాయేటి?”

మంగాయమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తలేదు. “వయసొచ్చింది కాదేటి. కూసింత ఉంటాది,” అంది.

ఆ కూసింతతో ఆయన మళ్లీ తోటకెళ్లాడు. ఈసారి దుర్భిణి ఊడదీసి పక్కన పెట్టి, గొట్టం మీదుండే ఇనుప గురిపుల్లతోనే మూడు కాల్చాడు. మూడు చిల్లుల మీదా ఒక్క తమలపాకు పెడితే మూడూ కనిపించలేదు. పెద్దాయన కిళ్లీ నమలడం ఆపి, “వణికే చేతులు ఇలా కాల్చవు సయా,” అన్నాడు.

ఇద్దరూ కలిసి కొట్టుకొచ్చారు. కన్నారావు దుర్భిణి మళ్లీ బిగించి, రైఫిలుకి గుడ్డ చుట్టి, కదలకుండా బల్లకున్న వైసు దవడల్లో పట్టించి, వెనక గుమ్మంలోంచి దూరపు గోదాము గోడమీది సున్నం మచ్చకి దుర్భిణి అద్దంలోని గీతల కూడలి సరిపెట్టాడు. స్క్రూడ్రైవరు కర్రపిడితో దుర్భిణిని చిన్నగా తట్టాడు. రైఫిలు కదల్లేదు. కూడలి మాత్రం మచ్చని వదిలి పక్కకి జరిగిపోయింది. ఇంకోసారి తడితే ఇంకోవైపు.

“లోపల బిగింపు విరిగింది,” అన్నాడు. “ఎత్తు మీంచి పడితే తప్ప ఇలా అవదు.”

“మొదటిరోజే చెప్పాను కదా, న్యాడె అని.”

“అందుకేగా ఎడమకి తిప్పాను!”

“కుడి అని ఎవరన్నారు సయా?” పెద్దాయన దండాసివైపు గడ్డంతో చూపించాడు. “అబద్ధమాడుతున్నాడు అన్నాను.”

బర్మాలో న్యా అంటే కుడే కాదు, అబద్ధమాడటం కూడా. ఆ రెండో న్యాకే ‘డె’ అతుకుతుంది. అంటే ఇన్నేళ్లుగా కన్నారావు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ, వాడి తుపాకీ అబద్ధాలకోరని చెబుతున్నాడన్నమాట. పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. కన్నారావు కూడా నవ్వడం మొదలుపెట్టి, దండాసి మొహం చూసి సగంలో ఆపేశాడు.

“ఊరేగింపు సూద్దారని, ఇంట్లో మేకుకున్న తాళంచెవి అట్టుకెల్లి కొట్టు తెరిసి, పైకి తీసుకెల్లినాను బావా,” అన్నాడు దండాసి. “దుర్బిని ఊడదీసి, మూడో అంతస్తు కిటికీకాడ నిలబడి సూసినాను. నాకు నాకని అందరూ లాగీసినారు. మెట్లమీద జారిపోనాది. మల్లీ తెచ్చి బిగించీసినాను.”

“మరి నా సేతులు వనుకుతున్నాయని టీకొట్లో సెప్పిందెవుల్రా?”

దండాసి వైసు పిడి తిప్పుతూ కూర్చున్నాడు. “నిన్నయితే ఎవులూ ఏటీ అన్రు బావా. నన్నయితే తన్నీసుందురు.”

“అందరూ అంటే ఎవులెవులు?”

“మేడమీదోలే... ఇంట్లో అప్ప కూడా సూసింది.”

దుర్భిణికి మారు దొరికే దేశం కాదది. పెద్దాయన రైఫిలుని ఇనుప గురిపుల్లతోనే తీసుకెళ్లాడు. వెళ్తూ టీకొట్లో ఆగి, ఊ కన్నా చేతుల గురించి నలుగురూ వినేలా చెప్పే వెళ్లాడు. దాంతో పేరు నిలబడింది. దండాసినీ కన్నారావు తరమలేదు. మర్నాడు ఎప్పట్లాగే గొడుగులు చేతికిచ్చాడు.

కానీ ఆ మధ్యాహ్నం, కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండా అడిగాడు.

“నువ్వూ సూసినావంట?”

“సూసినాను,” అంది మంగాయమ్మ.

“పడిపోడం?”

“అదీ సూసినాను. ఏటి సెయ్యమంటావు, నా తమ్ముడు.”

“మరి నానేటే నీకు?”

మంగాయమ్మ పులుసు గిన్నె అందుకుంది. గరిటెడు వెయ్యాల్సినచోట రెండు గరిటెలు వేసింది. ఆయన రెండూ కలుపుకుని తిన్నాడు. ఆ రోజునుంచి కొట్టు తాళంచెవి ఇంట్లో మేకుకి తగిలించడం మానేశాడు. మొలతాడుకి కట్టుకున్నాడు. స్నానాల గదిలో ఆయన చెంబుతో నీళ్లు పోసుకుంటుంటే, చెంబుకి తగిలి అది చప్పుడు చేయడం వంటింట్లోకి వినిపించేది.