లిండాకి ఇచ్చానని చెప్పిన పెట్టె

తొమ్మిదేళ్ల నుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఏడుపు రాదు. భయం కూడా లేదు ఇప్పుడు. స్నానం చేస్తున్నప్పుడో, గ్రోసరీ స్టోర్‌లో లైన్‌లో నిలబడ్డప్పుడో ఉన్నట్టుండి బరువు తెలుస్తుంది, అంతే. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడే మేము ఆష్‌బర్న్‌లో ఇల్లు కొనుక్కున్నాం. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చెయ్యడానికి లేదు. వంటింటి సింక్ కింద లీకైతే రిపేర్‌కి ఒక పెద్దాయన వచ్చాడు. పేరు వాల్టర్. పక్క ఊళ్లో వాళ్లది ప్లంబింగ్ షాపు. విక్టోరియా రాణి కాలంలో ఆయన ముత్తాత ఇంగ్లండ్ నుంచి వచ్చి పెట్టిందట. ఇప్పుడు కొడుకుతో ఐదో తరం. పని చేస్తూ ఆయన చెప్తుంటే కాఫీ ఇచ్చి వింటూ కూర్చున్నాను. ఆ తర్వాత పని లేకపోయినా అప్పుడప్పుడు వచ్చేవాడు. రోజంతా మాట్లాడే మనిషి లేని నాకు అదే పెద్ద సంబరం.

ఒకరోజు ఒక చెక్కపెట్టె తెచ్చాడు. షాపు చరిత్రంతా టైప్ చేసి చిన్న పుస్తకంలా చేసిపెడతావా అని అడిగాడు. లోపల ముత్తాత నోట్‌బుక్కులు, ముత్తవ్వ ఉత్తరాలు, కొన్ని ఫొటోలు. ఏ ఇంట్లో ఏ గోడ వెనక పైపు పోతోందో గీసుకున్న బొమ్మలు. ఊళ్లో మొదటిసారి ఒక ఇంట్లో బాత్రూమ్ కట్టినప్పుడు జనం వచ్చి ఒక్కొక్కళ్లూ కొళాయి తిప్పి చూసి వెళ్లారని ఒక పేజీలో ఉంది. నాకు గుర్తున్నది దాదాపు అదొక్కటే. పదకొండు పేజీలు టైప్ చేశాను. మిగతాది నెమ్మదిగా చేద్దామనుకున్నాను.

మా బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ పాతదైపోయింది, మార్పించుకోమని వాల్టరే చెప్పాడు. చూద్దాంలే అనుకున్నాం. ప్లేనోలో మా పిన్ని కూతురి సీమంతానికి వెళ్లి నాలుగు రోజుల తర్వాత వచ్చేసరికి హీటర్ పగిలి బేస్‌మెంట్‌లో చీలమండల దాకా నీళ్లు. నేను టైప్ చేసుకునేది అక్కడే, పెట్టె నేల మీదే ఉంది. టేబుల్ మీద బోలెడంత చోటుంది. కింద ఎందుకు పెట్టాను? కాగితాలన్నీ ముద్దయిపోయాయి. ఇంకు నీళ్లలో కలిసిపోయింది.

హీటర్ మార్చడానికి వేరే ప్లంబర్‌ని పిలిచాను. వాల్టర్‌కి తెలియకూడదని. పెట్టెతో సహా అన్నీ నల్ల కవర్లలో కట్టి బయట పెట్టాను. మర్నాడు పొద్దున్న ట్రాష్ ట్రక్ వచ్చి తీసుకెళ్తుంటే కిటికీలోంచి చూశాను. ఏమీ అనిపించలేదు. మా ఆయన అడిగితే, వాల్టర్‌కి చెప్పేశాను, ఆయనేమీ అనుకోలేదు అన్నాను.

రెండు వారాలకి వాల్టర్ ఫోన్ చేశాడు.

"ఆ పెట్టెలో మా అవ్వ ఫొటో ఒకటి కావాలి. సాయంత్రం వచ్చి తీసుకోనా?"

"పెట్టె నా దగ్గర లేదండీ. పోయిన శుక్రవారమే షాపుకొచ్చి ఇచ్చేశాను."

"ఎవరికిచ్చావు?"

"లిండాకి."

"లిండాకా," అన్నాడు.

లిండా ఆయన కోడలు. షాపులో కౌంటర్ దగ్గర కూర్చుని షాపుకొచ్చే ఫోన్లు ఎత్తేది. ఆ ఊళ్లో నా పేరు సరిగ్గా పలకడం నేర్చుకున్నది ఆవిడొక్కతే. మరి ఆ పేరే ఎందుకు వచ్చింది నా నోటికి? కంగారులో వచ్చిందని చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది నిజం కాదు. కోడలికి దేనిమీదా శ్రద్ధ లేదని వాల్టర్ నా దగ్గర ఎన్నోసార్లు విసుక్కున్నాడు. నేనూ ఒక ఇంటి కోడలినే. నా మాటా ఆవిడ మాటా ఎదురెదురుగా నిలబడితే ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను.

లిండా తనకెవరూ ఏమీ ఇవ్వలేదంది. ఎవరూ నమ్మలేదు. షాపంతా వెతికారు. వాల్టర్ ఆవిడ దగ్గర తాళాలు తీసేసుకున్నాడు. ఆ గొడవ మిగతా గొడవల్ని పైకి తెచ్చింది. ఆరు నెలలకి కొడుకు భార్యాపిల్లల్ని తీసుకుని ఒహాయో వెళ్లిపోయాడు. వాల్టర్ ఒక్కడే కొన్నాళ్లు నెట్టుకొచ్చి షాపు మూసేశాడు. నా మీద మాత్రం చివరిదాకా అభిమానంగానే ఉన్నాడు. నేను ప్రింట్ తీసి ఇచ్చిన ఆ పదకొండు పేజీలు ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకున్నాడు.

పోయిన ఏడాది ఆయన చనిపోయాడు. ఫ్యూనరల్‌కి వెళ్లాను. లిండా వచ్చింది. జుట్టు నెరిసింది. నన్ను పక్కకి పిలిచి మెల్లగా అంది: "నువ్విచ్చే ఉంటావు. నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయానేమో. ఇన్నేళ్లుగా అదే ఆలోచిస్తున్నాను. సారీ."

ఆవిడ నాకు సారీ చెప్పింది.

నేనేం చేశానో తెలుసా? ఆవిడ చెయ్యి పట్టుకుని, పోనీలే అన్నాను.

లిండా నంబర్ నా ఫోన్‌లో ఉంది. చేస్తానా? ఈరోజైతే చెయ్యలేదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఉన్నదున్నట్టు ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట పెట్టాలనిపించింది. పెట్టె మా ఇంట్లోనే తడిసింది. నేనే పారేశాను. లిండా చేతికి నేనేమీ ఇవ్వలేదు.