అమ్మ వేయించిన రంగు

నాన్న పోయిన ఏడాదికి, ఆయన చేసిన శిల్పాలన్నీ ఒకచోట చేర్చి ప్రదర్శన పెడతామని ఊళ్లోని మ్యూజియం వాళ్లు మా ఇంటికి వచ్చారు. మాట్లాడటానికి వచ్చిన క్యూరేటరు హైదరాబాదు అమ్మాయి, నాకంటే చాలా చిన్నది. "యుద్ధానంతర తరం శిల్పుల్లో మీ నాన్నగారిది ప్రత్యేక స్థానం" అంది, సోఫాలో కూర్చుంటూనే. కాఫీ గ్లాసులు పెడుతున్న అమ్మ నా చెవి దగ్గరికి వంగి, "ఏ యుద్ధమే? మనింట్లోదేనా?" అని అడిగింది.

మా ఇంట్లో యుద్ధం తుప్పు గురించి. పాత ఓడలు కోసి అమ్మే చోటికి వెళ్లి నాన్న ఇనుప రేకులూ తెగిన లంగరు గొలుసులూ తెచ్చేవాడు. పెరట్లో వాటిని వెల్డింగ్ చేసి మనుషుల్ని నిలబెట్టేవాడు. అంతే, ఇక ముట్టుకునేవాడు కాదు. ఉప్పుగాలికి అవి ఎర్రబడి, నల్లబడి, పొరలు లేస్తుంటే ముచ్చటగా చూసుకునేవాడు. "నాను సేసింది సగమే. మిగతా సగం సముద్రం సేత్తాది" అనేవాడు. ఆ మాట వింటే అమ్మకి ఒళ్లు మండేది. ఆరేసిన చీరల మీద తుప్పు మరకలు, నా మోకాలికి గీసుకుపోతే పరుగున ఇంజెక్షన్లు, పెరడంతా ఎర్రటి నీళ్లు. సముద్రం వచ్చి గచ్చు కడుగుతుందా అని అడిగేది.

అమ్మనీ తప్పు పట్టలేం. ఈ ఊళ్లో తుప్పు చుట్టం కాదు, దొంగ. వానలకు ముందు గేటూ కిటికీ ఊచలూ గోకించి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూత కొట్టించని ఇల్లు మా సీతమ్మధార వీధిలో ఒక్కటీ ఉండదు. కొట్టించకపోతే పాపం వాళ్లకేదో కష్టమొచ్చిందని ఇరుగుపొరుగు జాలిపడతారు. అమ్మ గేటు ఏటా కొత్తగా మెరిసేది. గేటు దాటితే నాన్న రాజ్యం.

మిగతావి కొన్నవాళ్లు తీసుకెళ్లగా, పెరట్లో మిగిలింది ఒకే ఒక్క శిల్పం. కాళ్లు చాపుకుని కూర్చున్న ఆడమనిషి. నేను బడికి వెళ్లే రోజుల్లో చేశాడు. ప్రదర్శనకి అదే ముఖ్యమంది క్యూరేటరు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర నన్ను ఆపి, "దాని అందమంతా ఆ తుప్పులోనే ఉంది మేడమ్. తుడవను కూడా తుడవకండి" అని చెప్పింది. అమ్మ అప్పటికే గ్లాసులు కడగడానికి లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట ఆవిడకి చెప్పాలని నాకు తోచలేదు. ఇన్నేళ్లూ ముట్టుకోని దాన్ని ఇప్పుడెవరు తుడుస్తారు?

శిల్పాన్ని తీసుకెళ్లే లారీ వచ్చే ముందురోజు, అచ్యుతాపురంలో డ్యూటీ ముగించుకుని కంపెనీ బస్సు దిగి వస్తుంటే, వీధి మొదట్లోనే పెయింటు వాసన కొట్టింది. గేటు వైపు చూశాను. గేటు రంగు పాతదే. పెరట్లోకి వెళ్లాను. నాన్న చేసిన ఆడమనిషి కొత్త స్టీలు బిందెలాగ తళతళా మెరుస్తోంది. బుగ్గ మీద దిష్టిచుక్క కూడా ఉంది.

"పదిమందీ సూడ్డానికి ఎల్తంది. ఆ అవతారంతో పంపుతామేటి?" అంది అమ్మ, చేతులు తుడుచుకుంటూ. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినంత సంబరంగా ఉంది మొహం.

"తుప్పు గోకించావా?" అని మాత్రం అడగగలిగాను.

"గోకించకుండా రంగేస్తే నిలుస్తాదేటి? పెయింటరు పొద్దున్నుంచీ ఉప్పుకాగితం పట్టి రుద్దుతానే ఉన్నాడు. రెడాక్సైడ్ కొట్టించి, పైన సిల్వర్ ఏయించినాను."

అంటే రంగు తీయించినా లాభం లేదు. సముద్రం చేసిన సగం, పొడిగా రాలి, చెత్తబండిలో వెళ్లిపోయింది. కోపం గొంతుదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేశాను.

మేడ మీదికి వెళ్లి క్యూరేటరుకి ఫోన్ చేశాను. "అయ్యో" అంది. తర్వాత, శిల్పాన్ని ఎలా ఉన్నా తీసుకెళ్తామని, కానీ పక్కన పెట్టే బోర్డు మీద జరిగింది జరిగినట్టు రాయాల్సి ఉంటుందని చెప్పింది. రంగు ఎవరు వేయించారో రాయొద్దని బతిమాలాను. "నాన్నగారే వేశారనుకుంటారు మేడమ్. ఆయన మీద అంత అబద్ధం నేను రాయలేను" అంది. ఆ అమ్మాయి మాటా నిజమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నా భయం శిల్పం గురించి కాదు. పోయింది ఎలాగూ పోయింది. డెబ్బై దాటిన మనిషి, బీపీ మాత్రల మీద నడుస్తున్న మనిషి, మొగుడు చేసిన పనిని తన చేతులతో తనే చెరిపేశానని నలుగురి మధ్యా తెలుసుకుంటే ఏమవుతుందని. ముందే చెప్పేస్తే నయమని రోజూ పొద్దున్నే గట్టిగా అనుకునేదాన్ని. ఇడ్లీ పళ్లెం ముందు కూర్చోగానే నోరు పెగిలేది కాదు. అమ్మేమో ఫోన్ పట్టుకుని పద్మనాభం ఊళ్లో ఉన్న మా పిన్నిలందర్నీ పేరుపేరునా పిలుస్తోంది. "రండే, తప్పకుండా రండి. రంగేయించినాను. మెరిసిపోతంది!" గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదేనేమో. ఆవిడ ఒక్కొక్కర్నీ పిలుస్తుంటే, రేపు చూసి నవ్వేవాళ్లు ఒక్కొక్కరే పెరుగుతున్నారనిపించేది.

ప్రారంభం రోజున అమ్మ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. బీపీ మాత్ర నా పర్సులో వేసుకుని, ఆవిణ్ణి ఆటోలో తీసుకెళ్లాను. హాలు నిండా నాన్న చేసిన మనుషులు, అందరూ మట్టిరంగులో, ముదురు ఎరుపులో. మధ్యలో దీపాల కింద ఒక్కతే వెండిలా వెలిగిపోతోంది. పిన్నిలు "ఓలమ్మ, ఎంత బాగున్నాదో!" అని బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్ల వెనక గడ్డం పెంచుకున్న ఒకాయన, "ఎవరండీ దీన్ని పాడుచేసింది?" అని పక్కాయన్ని అడిగాడు. అమ్మకి వినపడిందో లేదో తెలియలేదు. నేను గబగబా వెళ్లి బోర్డుకి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో" అంది అమ్మ.

"ఏం లేదమ్మా, ఇంగ్లీషులో ఏదో రాశారు."

"తెలుగు కనబడతంది. తప్పుకోయే."

తప్పుకున్నాను. కళ్లజోడు పైకి తోసుకుని, వేలు పెట్టి, పైకే చదివింది. శిల్పి ఈ పనిని తుప్పుకే వదిలేశారనీ, ఆయన మరణం తర్వాత భార్య తుప్పు తీయించి రంగు వేయించారనీ రాసి ఉంది. నా చెయ్యి పర్సులోకి పోయి మాత్రల కోసం వెతుకుతోంది. క్యూరేటరు దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా, మిమ్మల్ని తప్పు పట్టి రాసింది కాదండీ" అంది.

"తప్పే కదమ్మా. ఆయనుంటే నన్ను గడప తొక్కనిచ్చీవోడా?" అంది అమ్మ.

నేను అమ్మ వైపు తిరిగాను. "నీకు తెలుసా?"

"యాభయ్యేళ్లు కాపరం సేసినాను. ఆయన దీనికి రంగు ముట్టనివ్వడని నాకు తెలదేటి?" అంది. ఆ తర్వాత గొంతు తగ్గింది. "మంచాన పడి ఆయన రోజుకింత అరిగిపోతంటే సూసినాను. ఏటీ సెయ్యనేకపోయినాను. పోయినాక పెరట్లోకి ఎల్తే ఇదీ పొరలు పొరలుగా రాలిపోతంది. ఇంకొకళ్లు అలా పోతంటే సూడ్డం నా వల్ల కాలేదే."

నాన్న పోయిన రోజు వచ్చినవాళ్లకి కాఫీలు అందించిన మనిషి, ఏడాది పొడుగునా నా ముందు కన్నీరు పెట్టని మనిషి, అక్కడ అందరి మధ్యా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గడ్డమాయన తల దించుకున్నాడు. పర్సు వదిలేసి అమ్మ చెయ్యి పట్టుకున్నాను. నా వేళ్లు వదల్లేదు ఆవిడ. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.