ఆ ప్రోగ్రాంకు తగలని లిమిట్

నాచారంలో మేం పనిచేసేది మందుబిళ్లల స్ట్రిప్పులకు సీలు వేసే మెషిన్లు తయారుచేసే చిన్న కంపెనీ. వాటిలో సాఫ్ట్‌వేర్ నా పని. తయారైన మెషిన్‌ను రోజంతా నడిపి చూసేది ఒక అక్క. చిల్కానగర్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది, నన్ను చెల్లె అని పిలిచేది.

ఒకరోజు మెషిన్ నడిపే ప్రోగ్రాం ఎక్కడో చిక్కుకుని ప్రాసెసర్‌ను వదల్లేదు. అక్క ఆపే ఎర్ర బటన్ నొక్కింది, కానీ ఆ నొక్కు వినాల్సింది కూడా ఆ ప్రోగ్రామే. సీలు వేసే వేడి ప్లేటు ఇంకో రెండుసార్లు దిగింది. కింద వేళ్లు లేవు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి అక్క ఏది ఇరుక్కున్నా గోడకున్న మెయిన్ స్విచ్ ఆపనిదే చెయ్యి పెట్టేది కాదు. నాకైతే ఉప్పల్‌లో బస్సెక్కిన దగ్గర్నుంచీ అదే ఆలోచన.

దీనికో మందుంది. ఇంతసేపటికి మించి ప్రాసెసర్‌ను పట్టుక్కూర్చున్న ప్రోగ్రాంను చంపేసే లిమిట్. ప్రోగ్రాం చస్తే ప్లేటు పైకి లేచి ఆగిపోతుంది. కానీ మా మెషిన్‌లో కమాండ్లు కొట్టే షెల్‌కు ఆ లిమిట్ పెట్టడం రాదు. మూడు రోజులు కూర్చుని, అందులో లిమిట్లు పెట్టే యులిమిట్ కమాండ్‌కు కొత్త ఆప్షన్ చేర్చాను.

నాలుగో రోజు మధ్యాహ్నం, మెషిన్ నడుస్తుండగానే కొత్త షెల్ తెరిచి లిమిట్ పెట్టాను. తిరిగి అడిగితే నేనిచ్చిన అంకే చూపించింది. ఇక నన్ను పట్టేవాళ్లెవరు? పెట్టేశానక్కా, ఇక ఏం కాదని చెప్పేశాను.

కాసేపటికి ఒక స్ట్రిప్పు అడ్డం పడింది. అక్క ఎర్ర బటన్ నొక్కింది. ప్లేటు ఆగింది. మెయిన్ స్విచ్ వైపు చూడనైనా చూడకుండా చెయ్యి లోపల పెట్టింది.

అప్పుడు వెలిగింది నా బుర్రకు. షెల్‌లో పెట్టిన లిమిట్, ఆ తర్వాత ఆ షెల్ నుంచి మొదలైన ప్రోగ్రాంలకే తగులుతుంది. మెషిన్‌ను నడుపుతున్నది పొద్దున మొదలైన ప్రోగ్రాం. దానికి ఏ లిమిటూ లేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

పై ప్రాణాలు పైనే పోయాయి. అరిస్తే ఉలిక్కిపడి చెయ్యి ప్లేటుకే ఆనిస్తుందేమో. మెయిన్ స్విచ్ నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. చప్పుడు చేయకుండా వెళ్లి ఆపేశాను. మెషిన్ లైట్లన్నీ ఆరిపోయాయి.

అక్క స్ట్రిప్పు బయటికి లాగి, ఏమైందని అడిగింది. లిమిట్ ఇంకా దీనికి తగల్లేదని, ప్లేటు దిగితే ఆపేది ఏదీ లేదని చెప్పాను.

"మరి ఇగ ఏం గాదని నువ్వే జెప్తివి గద, చెల్లె."

తిట్టినా బాగుండేది. గొంతులో కోపం లేదు, నిజంగా అడుగుతోంది. స్ట్రిప్పు పట్టుకుని, నేనేం చెప్తానా అని నా మొహంలోకే చూస్తోంది.