నెల్లూరికి మూడు డబ్బాల మన్ను

మొన్న మార్గశిరంలో మొదటి గురువారం, తెల్లవారి ఐదుంపావుకు చిట్టమూరులో బస్సెక్కాను. ఒళ్ళో సంచి, సంచిలో మూతలు బిగించిన మూడు డబ్బాలు, వాటిలో మా తమ్ముడి మడిలోని మన్ను.

తమ్ముడు పెంచలయ్య ఇరవై రోజులుగా నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాడు. మొదట వేరేచోట క్షయ అని మందులిచ్చారు. జ్వరం తగ్గలేదు. నెల్లూరులో నెత్తురు పరీక్ష చేసిన డాక్టరు అనూరాధ గారు, ఇది మట్టిలో బతికే సూక్ష్మజీవి పని అన్నారు. మడిలో మూడు చోట్ల మూరెడు లోతు మన్ను తెమ్మని డబ్బాలూ చేతి తొడుగులూ ఇచ్చారు. ఏది ఎక్కడిదో పైన రాయమన్నారు. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, రాయడానికి ఒక పూట పట్టింది. మూడో డబ్బా మీద రాసింది ఎవరికీ చూపలేదు.

ఆరున్నరకు నాయుడుపేట. స్టేషను బయట ఇడ్లీలు తినే రైలెక్కండి, లోపల ఏమీ దొరకవు. ప్యాసింజరు పావుగంట ఆలస్యం. ఎదురుగా పులికాటు ఒడ్డు ఊరామె ఒకతె చేపల తట్టతో కూర్చుంది.

“ఏందక్కా, ఊరగాయా?”

“మన్ను.”

“నెల్లూరులో మన్ను కరువైందా, మోసకపోతుండావు?”

సంగతి చెప్పాను. “మాది ఇసక. మాకట్టాంటివి రావులే,” అంది ధీమాగా.

తొమ్మిదిన్నరకు ఆసుపత్రి చేరాను. డాక్టరు గారి గదిలో గోడకు జిల్లా పటం ఉంది. జబ్బు తేలిన ఊళ్ళకు ఎర్ర చుక్కలు పెట్టారు. ఎక్కువ వరిమళ్ళ వైపే. వానలకు ఆ పురుగు పైమట్టిలోకి వస్తుందట, పుండ్లలోంచి ఒంట్లోకి దిగుతుందట. చక్కెర జబ్బున్నవాళ్ళకు మరీ ప్రమాదమట. మావాడికి చక్కెర ఉంది. చేపలామె మాట చెబితే డాక్టరు గారు నవ్వారు.

“అక్కడ లేదని ఎట్టా అంటాం పెద్దమ్మా? ఎవరికీ పరీక్షే చేయలేదు.”

డబ్బాలు ఇచ్చాను. “పై మడి. కాలవ గట్టు,” అని చదివి, మూడోదాని దగ్గర ఆగారు. దాని మీద ‘పార తగిలిన తమ్ముడి మడమకు నేను మన్ను తీసి పూసిన చోటు’ అని ఉంది. మడిలో దెబ్బ తగిలితే నెత్తురు ఆగడానికి ఆ మడి మన్నే మెత్తడం మా ఇళ్ళలో అలవాటు. ఇరవై రోజులుగా ఆ మాట నా నోట రాలేదు.

“తనే పూసుకున్నానని చెప్పాడే మీ తమ్ముడు! చోటు గుర్తులేదన్నాడు.” ఆవిడ నన్ను తిట్టలేదు. “దీన్నుంచే వచ్చిందో లేదో పరీక్షిస్తే తెలుస్తుంది. ఇకమీద పుండు మీద మన్ను పెట్టొద్దని ఊళ్ళో చెప్పు. బూట్లు లేకుండా మడిలో దిగొద్దను. ఇప్పుడు రా, తమ్ముణ్ణి చూద్దువు.”

వార్డులో వాడు లేచి కూర్చుని ఉన్నాడు. జ్వరం పోయి నాలుగు రోజులైందట. పక్కన మరదలు సుబ్బమ్మ జావ కలుపుతోంది.

“అబద్ధమెందుకు చెప్పినావురా?”

“నువ్వు ఏడిస్తే ఊరంతా వినపడద్ది గదక్కా. నీ వైద్యం కడగడానికి ఇన్ని సూదులు పొడిచినారు, చూడు!”

ఏడవలేదు. జావ నేనే తాగించాను.

ఇంకా నెలల తరబడి మాత్రలు మింగాలి. అయినా నాలుగు గంటల రైల్లో తేలికగా కూర్చున్నాను. సంచిలో మన్ను పోయి, బజార్లో వాడికీ నాకూ కొన్న బూట్లు వచ్చాయి, నావి బిగువు. మా మన్ను మాకు తిండి పెట్టింది. దాన్నీ పరీక్షించాలని తెలిసినవాళ్ళు ఉండబట్టి మావాడు మిగిలాడు.

ఆ రోజు వాడి మంచం దగ్గర ఉన్నవాళ్ళం: డాక్టరు అనూరాధ గారు, మరదలు సుబ్బమ్మ, తమ్ముడు పెంచలయ్య, వాడి మడమకు మన్ను పూసిన అక్క వెంకమ్మ.